ఒక్క పిలుపుకి పలకొద్దు

అక్టోబర్ 11, శనివారం

ఈ సీజన్‌లో మొదటిసారి వేళ్లు కొంకర్లు పోయాయి. నదిలోంచి వచ్చి కార్ హీటర్ దగ్గర చేతులు పెట్టుకుని కూర్చుంటే నా ఫ్రెండ్ గిరి ఒకటే నవ్వు. "ఒంగోలు ఎండలు తిన్న చెయ్యి బావా, గింత చలికే గిట్లయితే ఎట్ల?" తనేదో కరీంనగర్‌లో మంచు తిని పెరిగినట్టు.

ట్రౌట్ చేపలు మాత్రం బాగా పడ్డాయి. రెయిన్‌బో రకంవి చిన్నవి కొన్ని, ఒక పెద్ద బ్రౌన్ ట్రౌట్. పట్టడం, చూసుకోవడం, నీళ్లలోకి వదిలేయడం. ఇంటికి వస్తే ఆమని మళ్లీ అదే ప్రశ్న — "వదిలేసేదానికి అంత పొద్దున్నే లేచి గంట డ్రైవ్ చేసి వెళ్లడం దేనికండీ?" గిరి నన్ను ఈ నదిలోకి దింపినప్పటి నుంచీ అడుగుతోంది. వదిలినప్పుడు చేప అరచేతిలో ఒక్క క్షణం ఆగి, తర్వాత తనే వెళ్లిపోతుంది. ఆ ఒక్క క్షణం కోసమే అని చెబితే పిచ్చివాడంటుంది.

నీళ్లలో దిగడానికి వేసుకునే, ఛాతీదాకా వచ్చే వేడర్స్ గరాజ్‌లో ఆరేశాను. ఆద్య వాటిని "నాన్న ఎలిఫెంట్ ప్యాంట్" అంటుంది.

అక్టోబర్ 14

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో నేను పట్టిన బగ్‌ని డెవలపర్లు "రీప్రొడ్యూస్ అవ్వట్లేదు" అని తిప్పి పంపారు. మళ్లీ చేసి చూపించాను. పదిహేనేళ్లుగా నా బతుకు ఇదే — జరిగింది అని చెప్పడం, జరగలేదు అంటే మళ్లీ జరిపించి చూపించడం.

అక్టోబర్ 18, శనివారం

గిరి ఆన్‌లైన్‌లో రెండు ఈలలు తెప్పించాడు. ఆరెంజ్ ప్లాస్టిక్. ఒకటి నా మెళ్లో వేశాడు, తాళి కట్టినంత శ్రద్ధగా. నదిలో అరవకూడదట, చేప బెదురుతుందట. ఒకరు ఊదితే "ఎక్కడున్నావ్" అని, రెండోవాడు తిరిగి ఊదితే "ఉన్నాను" అని. "గంతే బావా, మాటల్లేవ్."

బాగానే ఉంది. పొగమంచులో ఒకరికొకరం కనపడం కదా.

మొదటిసారి నేను ఊదాను. గిరి కింది మడుగు దగ్గర ఉన్నాడు, అటు నుంచి వచ్చింది జవాబు. నది మధ్య గులకరాళ్ల దిబ్బ వైపు నుంచి కూడా వచ్చింది. అవతలి ఒడ్డున నిటారుగా ఉన్న కొండకి కొట్టుకుని వచ్చిందన్నాడు గిరి. అయ్యుంటుంది.

కానీ కొండది ఆలస్యంగా రావాలి. అది గిరి ఈల కంటే ముందొచ్చింది.

అక్టోబర్ 20

దీపావళి. వర్షం. ఆద్య కాకరపువ్వొత్తులు గరాజ్‌లో నిలబడి కాల్చింది. గిరి, వాళ్లావిడ లత వచ్చారు. లత తెచ్చిన సకినాలు గిరి ఒక్కడే సగం తిన్నాడు. శనివారం ప్లాన్ ఫిక్స్.

అక్టోబర్ 25, శనివారం

గిరి బతికాడు.

ముందు ఇది రాయాలనిపించింది. బతికాడు. హాస్పిటల్ పార్కింగ్‌లో కూర్చుని రాస్తున్నాను. వేడర్స్ ఇంకా విప్పలేదు. లోపల లత ఉంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబర్ 26, ఆదివారం

నిద్ర లేదు. జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను. స్టెప్స్ రాసుకోకపోతే నాకు ఏదీ అర్థం కాదు.

తెల్లవారుతోంది. నీళ్ల మీద నుంచి ఆవిరి లేస్తోంది — చలి పెరిగాక పొద్దున పూట గాలి కంటే నదే వెచ్చగా ఉంటుంది. చాపిన చెయ్యి కనపడనంత పొగ. గిరి కార్ దగ్గరి ఒడ్డునే, కింది మడుగులో మొదలుపెట్టాడు. నేను పాయ దాటి మధ్యలో దిబ్బ మీదకి వెళ్తానని చెప్పి బయల్దేరాను.

పాయ అంచున టార్చ్ వేసి చూస్తే నీళ్ల అడుగున గులకరాళ్లు అక్కడక్కడ కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. బ్రౌన్ ట్రౌట్‌లు తోకలతో ఊడ్చుకుని చేసుకున్న గూళ్లు. ఇప్పుడు గుడ్లు పెట్టే కాలం. వాటి మీద అడుగేస్తే అన్నీ చితికిపోతాయి. మనసొప్పలేదు. దాటకుండా, ఇవతలి ఒడ్డునే పైకి నడిచి వంపు దగ్గర నిలబడ్డాను. గిరికి చెప్పలేదు. ఇందులో చెప్పడానికి ఏముందిలే అనుకున్నాను.

అంటే గిరి లెక్కలో నేను నది మధ్య దిబ్బ మీద ఉన్నాను. నిజానికి ఇద్దరం ఒకే ఒడ్డున ఉన్నాం.

కాసేపటికి — "బావా."

దిబ్బ వైపు నుంచి. గిరి గొంతే. అక్కడెందుకు ఉన్నాడు అనుకున్నాను. నోరు తెరిచాను. "ఆఁ" అనబోయాను.

ఎందుకు ఆగానో రాయడానికి సిగ్గుగా ఉంది. చిన్నప్పుడు నాయనమ్మ మాకందరికీ నూరిపోసిన మాట. మసక వెలుతురులో ఎవరు పిలిచినా ఒక్క పిలుపుకి పలకొద్దు. రెండోదానికీ పలకొద్దు. మూడోసారి పిలిస్తే మనిషి. మనిషి కానిది మూడోసారి పిలవదు. మేం పిల్లలం దాన్ని ఆటగా ఆడుకునేవాళ్లం. అమెరికా వచ్చాక ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నిన్న గుర్తొచ్చింది, నోరు దానంతట అదే మూసుకుంది.

"బావా, ఇటు రా."

అది రెండోది. ఈల నోట్లో పెట్టుకున్నాను. ఊదినా పలికినట్టే కదా అనిపించి తీసేశాను. మూడో పిలుపు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను, నలభై నాలుగేళ్ల మనిషిని.

మూడోది రాలేదు. సైరన్ మోగింది.

డ్యామ్ నుంచి నీళ్లు వదిలే ముందు మోగే సైరన్. ఎక్కడివాళ్లక్కడ ఒడ్డెక్కేయాలి. ఎక్కాను. గిరి కూడా ఎక్కి ఉంటాడనుకున్నాను, అలవాటైన పనే కదా. కార్ దగ్గరికి వస్తే గిరి లేడు. వాడి ఫిషింగ్ రాడ్ మాత్రం బానెట్‌కి ఆనించి ఉంది. దారం చుట్టేసి, ఎర కొక్కేనికి తగిలించి.

అంటే ఒడ్డెక్కాడు. ఎక్కి, రాడ్ పెట్టి, మళ్లీ దిగాడు.

అప్పుడు ఊదాను ఈల. అప్పుడు అరిచాను. పాయ అప్పటికే గోధుమ రంగులో ఉరుకుతోంది, దిబ్బ కనపడటం లేదు. ఒడ్డు వెంట పరిగెత్తాను. వేడర్స్‌తో ఎంత పరిగెత్తగలం. కింద వంపులో మోటార్ బోట్‌లో వెళ్తున్న ఇద్దరు, నీళ్లలోకి ఒరిగిన చెట్టుకొమ్మకి వేలాడుతున్న గిరిని లాగి పైన వేసుకున్నారు. పెదాలు నల్లగా ఉన్నాయి. కాలర్‌బోన్ విరిగింది.

ఆమనికి ఇంతవరకూ చెప్పాను. నాయనమ్మ సంగతి చెప్పలేదు.

అక్టోబర్ 28

ఈ రోజు గిరి మాట్లాడాడు.

"ఎందుకు పిలిచినవ్ బావా?"

అర్థం కాలేదు. "నేనెక్కడ పిలిచాన్రా?"

"సైరన్ మోగంగనే ఒడ్డుకొచ్చిన. నువ్వు దిబ్బ మీదికెళ్లి ఒకటే పిలుసుడు. గిరీ, కాలు ఇరికింది, రా రా అని. రాడ్ కారుకు ఆనించి ఉరికిన."

నా కోసం దిగాడు. మంచం పక్కన కుర్చీలో కూర్చుని వింటున్నాను, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నేను దిబ్బ మీదకి వెళ్లనే లేదని, ఒడ్డునే ఉన్నానని చెప్పాను.

"ఒడ్డున్నే ఉంటే మరి పలకాలె గదా? నీళ్లల్ల దిగేటప్పుడు బావా బావా అని గొంతు చింపుకున్న. ఒక్కసారి ఊ అన్నా దిగకపోతుంటి."

"నువ్వు పిలిచింది సైరన్ ముందు కదా?"

"ముందు నేనెందుకు పిలుస్త? మెళ్లో ఈల ఉండె."

ముందే. నేను విన్నది సైరన్ ముందే. అని నిన్నటిదాకా ప్రమాణం చేసేవాణ్ని. ఇప్పుడు చెయ్యలేను. నేను విన్న రెండు పిలుపులూ నిజంగా గిరివే అయితే? నీళ్లలోకి దిగుతూ వాడు నన్ను వెతుక్కుంటున్న పిలుపులే అయితే?

గిరి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కారిడార్‌లో లత — "అన్నయ్యా, ఏమనుకోకండి. కొన్నాళ్లు రాకండి. మీరొచ్చి వెళ్తే తను నిద్రపోవట్లేదు."

అక్టోబర్ 29

ముందే.

అక్టోబర్ 31

వేషాలు వేసుకుని వచ్చే పిల్లల కోసం డోర్ దగ్గర చాక్లెట్ల గిన్నె పెట్టి లోపల కూర్చున్నాను. పిల్లలు అరుస్తుంటే ఆమనే వెళ్లింది.

నవంబర్ 2, ఆదివారం

చలికాలం వచ్చిందని ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఇక సాయంత్రం అనేది ఉండదు, రేపటి నుంచి ఆఫీస్ నుంచి వచ్చేసరికి చీకటే.

ఆమనికి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తను వత్తులు చేసుకుంటోంది, రేపు కార్తీక సోమవారం. చేతులు ఆపకుండానే అడిగింది — "మా అమ్మమ్మ కూడా అనేది ఆ మాట. కానీ గిరి గొంతు మీకు తెలీదా?"

తెలుసు. అదే కదా బాధ. గిరి గొంతే అది.

నవంబర్ 5

గిరి డిశ్చార్జ్ అయ్యాడట. వాట్సాప్ గ్రూప్‌లో తెలిసింది. ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంకోసారి చేశాను. ఈ ఊరికి వచ్చిన కొత్తలో నాకు కార్ లేనప్పుడు రోజూ ఆఫీస్‌కి దింపినవాడు. ఆద్య పుట్టినప్పుడు హాస్పిటల్‌లో నాకంటే ముందు ఏడ్చినవాడు. వాడు నన్ను నమ్మకపోతే ఎలా?

వాడు నమ్మాలంటే నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి. చేతిలో పెట్టి చూపించేది.

నవంబర్ 8, శనివారం

వెళ్లాను.

ఆమనికి చెప్పే వెళ్లాను, చెప్పకుండా దారి మార్చే తప్పు ఇంక చేయను. "మళ్లీ అక్కడికా? బుద్ధుందా?" అంది. టెస్ట్ చేయాలన్నాను. దిబ్బ మీద నుంచి పిలిస్తే కార్ దగ్గరికి ఎలా వినిపిస్తుంది, కొండకి కొట్టుకుని ఏ వైపు నుంచి వస్తుంది — ఇది తేలితే ఏదో ఒకటి తేలుతుంది. డ్యామ్ షెడ్యూల్ చూసుకున్నాను, మధ్యాహ్నం దాకా నీళ్లు వదలరు. ఫోన్‌ని రికార్డింగ్‌లో పెట్టి కార్ బానెట్ మీద ఉంచాను. గూళ్లు లేని చోటు చూసుకుని పాయ దాటాను.

చలి. రాడ్ రింగుల్లో మంచు పట్టి దారం కదలడం లేదు. నోటితో ఊది కరిగించుకుంటూ వేశాను. పట్టడానికి వెళ్లలేదు, ఊరికే చేతులు ఖాళీగా ఉంచలేక. ఒక బ్రౌన్ పడింది. వదిలాను. వెళ్లలేదు. నా బూట్ల మధ్యే ఆగింది.

అప్పుడు పిలిచాను. గట్టిగా. "గిరీ."

ఏమీ రాలేదు. కొండ నుంచి కూడా ఏమీ రాలేదు. పరుపులో మొహం పెట్టి పిలిచినట్టు మాట అక్కడే పడిపోయింది. గిరి చెప్పిన మాటలే మళ్లీ అన్నాను. "గిరీ, కాలు ఇరుక్కుంది, రా." నోరు వాటికి అలవాటు పడ్డట్టే తిరిగింది. ఆ మాటలు అంతకుముందు ఎప్పుడో అన్నట్టే ఉంది.

కిందికి చూశాను. బూట్ల చుట్టూ చేపలు. ఆ ఒక్కటే కాదు, చాలా. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టుకుని నిలబడుతుంది, తిండి అటు నుంచే వస్తుంది కాబట్టి. గిరి నేర్పిన మొదటి పాఠం అది. ఇవి అలా లేవు. ఏ వైపు ఉన్నవి ఆ వైపు నుంచే, అన్నీ నా వైపు తల పెట్టుకుని ఉన్నాయి.

ఎలా దాటి వచ్చానో గుర్తు లేదు. గూళ్లు తొక్కానేమో.

అదే రోజు, సాయంత్రం

లత ఫోన్. ఇన్నాళ్లకి తనే చేసిందని సంతోషంగా ఎత్తాను.

"అన్నయ్యా, పొద్దున మా ఇంటికి వచ్చారా?"

"లేదమ్మా, ఎందుకు?"

"తను ఆ కట్టుతోనే లేచి, చెప్పులు కూడా లేకుండా లాన్‌లోకి వెళ్లి నిలబడ్డాడు. ఏంటంటే బావ పిలిచిండు అంటాడు. కాలు ఇరుక్కుందట. ఇంకా రోడ్డు మీదకి వెళ్తుంటే నేనే లాక్కొచ్చాను."

ఏ టైం అని అడిగాను. చెప్పింది.

దిబ్బ మీద నేను నిలబడ్డ టైమే. వాళ్లింటికీ నదికీ మధ్య గంట డ్రైవ్.

"కల వచ్చుంటుంది లతా, మందుల వల్ల" అన్నాను. ఇంకేం చెప్పను? మీ ఆయన్ని నేనే పిలిచాను, నిజంగానే పిలిచాను, ఈసారి నాకు గుర్తుంది కూడా అని చెప్పనా?

నవంబర్ 9

రికార్డింగ్ విన్నాను. నది చప్పుడు ఉంది. బాతులు ఉన్నాయి. రోడ్డు మీద వెళ్లిన ట్రక్ ఉంది. నేను పాయ దాటుతున్నప్పుడు బూట్ల చప్పుడు కూడా సన్నగా ఉంది.

నా గొంతు లేదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నాను. వాల్యూమ్ పెంచి విన్నాను. నేను పిలిచిన చోట నది కూడా ఆగినట్టుంది. తర్వాత మళ్లీ మొదలవుతుంది.

టీమ్‌లో ఎవరైనా ఇలాంటి బగ్ తెస్తే ఇంటికెళ్లి పడుకోమంటాను.

నవంబర్ 12

గిరికి మెసేజ్ పెట్టాను. వాయిస్ మెసేజ్ కాదు, టైప్ చేశాను. నాయనమ్మ మాట, నేను విన్న రెండు పిలుపులు, ఈల నోట్లో పెట్టుకుని తీసేయడం, అన్నీ. "నేను పిలవలేదు. కానీ పలకలేదు, అది నిజం. భయపడ్డాను. నువ్వు నా కోసం దిగావు, నేను నోరు మూసుకుని నిలబడ్డాను. నన్ను తిట్టు, కానీ మాట్లాడు."

నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

నవంబర్ 15, శనివారం

వెళ్లలేదు. వేడర్స్ మడిచి అటక మీద పెట్టేశాను. మడతలో నుంచి నీళ్లు కారాయి. వారంగా ఆరేసి ఉన్న వాటిలో ఎక్కడివి.

నవంబర్ 17

మీటింగ్‌లో మేనేజర్ నా పేరు రెండుసార్లు పిలిచాడు. మ్యూట్‌లో ఉన్నావా అని చాట్‌లో అడిగాడు. మ్యూట్‌లో లేను. మూడోసారి కోసం చూస్తున్నాను. ఆఫీస్‌లో, పట్టపగలు, లాప్‌టాప్ ముందు.

నవంబర్ 22, శనివారం

ఇది రాయకూడదనుకున్నాను.

మధ్యాహ్నం పైన గదిలో పని చేసుకుంటున్నాను. మబ్బుగా ఉంది, లైట్ వేసుకున్నాను. కింద వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు. చల్లగాలి మెట్ల దాకా వచ్చింది. దిగి చూస్తే ఆద్య జాకెట్ వేసుకుని, బూట్లు వేసుకుని, గడప మీద నిలబడి ఉంది. పెరట్లోకి చూస్తోంది. ఫెన్స్ అవతల వాన నీళ్లు పోయే క్రీక్ ఉంది, అంతే.

"ఎక్కడికి నాన్నా?" అన్నాను.

ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. నన్ను చూసింది. మళ్లీ పెరట్లోకి చూసింది.

"యూ కాల్డ్ మీ. అక్కడ నుంచి."

"నేను పైన ఉన్నాను కదరా."

"నో, నాన్నా. ఆద్యా, ఇటు రా, చూడు అన్నావ్. నేను కమింగ్ అన్నాను."

పలికింది. నా బంగారుతల్లి పలికింది. ఎప్పుడూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటుందని, పిలిస్తే వెంటనే పలకాలని ఎన్నిసార్లు కసిరానో. బుద్ధిగా నేర్చుకుంది.

తలుపు వేసి గడియ పెట్టాను. మోకాళ్ల మీద కూర్చుని, భుజాలు పట్టుకుని చెప్పాను. నేను పిలిచినా సరే, నేను కనపడకపోతే పలకొద్దు. ఒకసారి పిలిచినా, రెండుసార్లు పిలిచినా. మూడోసారి పిలిస్తేనే పలుకు. నాయనమ్మ చెప్పినప్పుడు మాకది ఆట. నేను చెబుతుంటే ఇది ఆట కాదని ఆద్యకి తెలిసిపోయింది.

"బట్ నీకు నిజంగా హెల్ప్ కావాలంటే?"

తొమ్మిదేళ్ల పిల్ల. గిరి అడిగిందే అడిగింది.

దగ్గరికి తీసుకున్నాను.

నవంబర్ 23

పెరటి తలుపుకి కొత్త గొళ్లెం. పైన, ఆద్యకి అందనంత ఎత్తులో.

నవంబర్ 25

ఇంట్లో ఎవరం ఎవర్నీ పిలవడం లేదు. అన్నం టైం అయితే ఆమని పైకి వచ్చి భుజం తడుతోంది. మొదట్లో విసుక్కుంది. నిన్న ఆద్యని స్కూల్‌కి రెడీ అవమని కేక వేయబోయి తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి చూసి నాకు ఏడుపొచ్చింది.

నవంబర్ 27

థాంక్స్‌గివింగ్. ఎవరింటికీ వెళ్లలేదు. ప్రతి ఏడాదీ గిరి వాళ్లింట్లోనే. గ్రూప్‌లో ఎవరో బిర్యానీ ఫొటో పెట్టారు, గిరి ఒక మూల కూర్చుని ఉన్నాడు. కట్టు తీసేశారు. సన్నబడ్డాడు. ఫొటో పెద్దది చేసి చూశాను. నవ్వడం లేదు.

నవంబర్ 29, శనివారం

లత మెసేజ్!

"అన్నయ్యా, మీరు రాసింది తను రోజూ చదువుతున్నాడు. మీతో మాట్లాడాలంటున్నాడు. రేపో ఎల్లుండో వస్తాడు. చెప్పకుండా వస్తానన్నాడు, నేనే చెప్తున్నా."

ఎన్నిసార్లు చదివానో. ఆమనికి చూపించాను. తను గబగబా ఫ్రిజ్ తెరిచి గిరికి ఇష్టమైన గోంగూర ఉందో లేదో చూసుకుంది. ఆద్య గిరి అంకుల్ వస్తే డ్రాయింగ్ చూపిస్తానని తీసి పెట్టుకుంది. ఈ ఇంట్లో నెల రోజుల తర్వాత గట్టిగా నవ్వు వినిపించింది.

రానీ. వస్తే కాళ్ల మీద పడమన్నా పడతాను. వాడు "ఏంది బావా గీ లొల్లి" అని ఒక్క మాట అంటే చాలు.

నవంబర్ 30, ఆదివారం

పొద్దున్నుంచీ సన్నగా మంచు రాళ్లు పడుతున్నాయి. రోడ్డు బూడిద రంగు. గోంగూర లేదని ఆమని ఇండియన్ స్టోర్‌కి వెళ్లింది. జాగ్రత్తగా డ్రైవ్ చేయమన్నాను. ఇంట్లో నేనూ ఆద్యా. ఆద్య నా టేబుల్ పక్కన నేల మీద బొమ్మ వేసుకుంటోంది. నేను ఇది రాసుకుంటున్నాను.

ఇప్పుడే.

"బావా."

వెనక నుంచి, కింద పెరటి తలుపు బయటి ప్యాటియో దగ్గర. ఆద్య తలెత్తింది. తనకీ వినిపించింది.

గిరి ముందు తలుపు ఎప్పుడూ కొట్టడు. నది నుంచి వచ్చినప్పుడు తడి బూట్లు ప్యాటియో మీద విప్పడం అలవాటై, సైడ్ గేట్ తీసుకుని వెనక నుంచే వస్తాడు. వచ్చి "బావా" అనే పిలుస్తాడు. వాడే. వాడు కాక ఎవరు.

కిటికీలోంచి ప్యాటియో కప్పు తప్ప కనపడటం లేదు. ఫోన్‌లో డోర్‌బెల్ కెమెరా తెరిచాను, ముందు వాకిట్లో కార్ ఉందేమోనని. అద్దం మీద మంచు పట్టి తెల్లగా ఉంది. గిరికి ఫోన్ చేశాను. మోగుతోంది. కింద చప్పుడు లేదు. వాడి ఫోన్ ఎప్పుడూ సైలెంట్‌లోనే ఉంటుంది. లత ఎత్తడం లేదు, ఆదివారం తనకి డ్యూటీ.

దిగి వెళ్లి చూడొచ్చు. మెట్ల దాకా వెళ్లాను. వెళ్లి చూడడం కూడా పలకడమే అనిపించింది. వెనక్కి వచ్చి కూర్చున్నాను. చేతులు ఊరికే ఉండటం లేదు, అందుకే రాస్తున్నాను.

"బావా, చలి పెడ్తుంది. తలుపు తియ్."

వాడి గొంతే. కాస్త నీరసంగా ఉంది. హాస్పిటల్ నుంచి వచ్చినవాడి గొంతు నీరసంగా కాక ఎలా ఉంటుంది? ఆ చెయ్యి ఇంకా సరిగ్గా లేవదు. ఈ మంచులో ఒంటి చేత్తో డ్రైవ్ చేసుకుని నా గుమ్మంలోకి వచ్చాడు, నన్ను క్షమిస్తానని చెప్పడానికి. నేను పైన కూర్చుని నోరు మూసుకున్నాను. మళ్లీ.

ఆద్య నా మోచెయ్యి పట్టుకుంది. గుసగుసగా, "డోంట్, నాన్నా. ఇట్స్ ఓన్లీ టూ."

ఎంతసేపయింది? తెలియడం లేదు. గేట్ చప్పుడు అయినట్టుంది. వచ్చిన చప్పుడా, వెళ్లిపోతున్న చప్పుడా? వెళ్లిపోతుంటే ఇంక ఈ జన్మకి రాడు. నాకు తెలుసు వాడు.

ఇంకొక్కసారి పిలవరా గిరీ.